దిష్టి దారం గీసిన గీత

ఆ రోజు ఆదివారం, పొద్దున ఏడున్నర. ఉదయగిరిలో మా తమ్ముడి సైకిల్ షాపు గోడ గడియారంలో నేనే చూసినాను. గడియారం చూడడం నాకు అక్షరాలతో పాటే వచ్చింది, యాభై అయిదు దాటినాక.

మా మనవరాలు ఆత్మకూరులో నర్సు. సెలవు దొరికితే సైకిలెక్కి మా ఊరొస్తాది. ఆ సైకిలు కార్బన్‌ది, సెకండ్‌హ్యాండులో కొనింది. ఒక చేత్తో లేపొచ్చు. మళ్ళీ ఆదివారం నెల్లూరులో సైకిల్ పందెం. దానికోసం ఏడాదిగా తెల్లారకముందే లేచి తొక్కతా ఉండాది. ఆ పొద్దు షాపు ముందర సైకిలు తుడస్తా ఉంటే, సీటు కింది గొట్టం మీద వెంట్రుకంత గీత కనపడింది. పిల్ల మొహం పాలిపోయింది.

"పగులైతే పందెం లేదు అవ్వా. ఇది ఇనుము మాదిరి వంగదు. దిగుడులో పోతా ఉంటే టప్పుమని విరిగిపోతాది."

"దానికింత దిగులేంది? రెండు చుక్కలు వెల్డింగ్ పెడితే సరి" అన్నాడు మా తమ్ముడు.

"కాలిపోతాది తాతా. ఇది సన్నటి దారాలు జిగురుతో అతికించి చేసినది."

పంక్చరు వేయించుకోను వచ్చిన పాలాయన నవ్వినాడు. "దారాల సైకిలైతే దర్జీ దగ్గరికి పోమ్మా."

పిల్ల నవ్వలేదు. సంచిలోంచి స్పిరిటు తీసి తుడిచింది. గీత పోలేదు. దూది తీసుకుని గీత మీద మెల్లగా లాగింది. దారాలు తెగుంటే దూది పట్టుకుంటాదంట. పట్టుకోలేదు. అయినా దానికి నమ్మకం కుదరలేదు.

"రూపాయి బిళ్ళతో కొట్టి వినాలి. పగులున్న చోట శబ్దం చచ్చినట్టు వస్తాది."

"అది నాకా చెప్పేది?" అన్నాను. వింజమూరు సంతలో కుండలు వేలితో కొట్టి విని కొన్న చెవులు ఇవి. ఒక్క ఓటి కుండ ఇంటికి తేలేదు.

ఏ చోట కొట్టినామో మరిచిపోకుండా సుద్దముక్కతో గొట్టం మీద అక్షరాలు రాసుకుంటా వచ్చినాను. అ దగ్గర టిక్కు. ఆ, ఇ, ఈ, ఉ, ఊ అన్నీ టిక్కే. గొట్టాలు కలిసే చోట ఎ రాసి కొడితే దబ్బుమనింది. పాలాయన కూడా వంగి చూసినాడు.

సైకిలు తిప్పించి, అవతలి పక్క అదే చోట ఇంకో ఎ రాసి కొట్టినాను. అక్కడా దబ్బే.

"రెండు పక్కలా సరిగ్గా ఒకే చోట పగలదు. కుండ అడుగు మాదిరి ఇక్కడ మందం ఎక్కువ, అంతే" అన్నాను.

ఇక గీతను గోటితో వెంబడించినాను. అది గొట్టం చుట్టూ ఉంగరంలా తిరిగి మొదలుకే వచ్చింది. పగులు ఇంత బుద్ధిగా తిరగదు. అప్పుడు గుర్తొచ్చింది. దసరాకు ఆ చోటే దిష్టికి నల్లదారం కట్టింది నేనే.

"ఆ దారం ఏదే?"

"తుడవను అడ్డమని ఇప్పుడే విప్పినా. నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ తీయలేదు."

నేల మీద ఉన్న దారం తీసి గీత మీద పెట్టినాను. అచ్చంగా అతికింది. దుమ్ము పట్టిన దారం అటూ ఇటూ రాసుకుని పైపూతను కోసిండాది. కింద గట్టిగానే ఉండాది.

"అక్కా, సైకిలుకు తగిలిన దిష్టి నీదే" అన్నాడు మా తమ్ముడు. కాదనను.

పిల్ల సైకిలెక్కి దుర్గం కొండ దారి దాకా పోయి, పెడళ్ళ మీద నిలబడి గట్టిగా తొక్కి వచ్చింది. కిర్రుమనలేదంట. "పందేనికి పోతా ఉండాను" అనింది. గొట్టం మీది నా అక్షరాలు మాత్రం తుడవనీలేదు. నల్లదారం ఈసారి దాని చేతికి కట్టినాను.

ఆ పొద్దు అక్కడ ఉండినవాళ్ళం: మా మనవరాలు, వెల్డింగ్ పెడతానన్న మా తమ్ముడు, పంక్చరు సంగతే మరిచిపోయిన పాలాయన, దారం కట్టిన నేను.