సూరన్న చూడని లారీ

1968లో సాలూరులో, ఘాటీకి పోయే రోడ్డు పక్కన, ఒకే రేకుల షెడ్డు కింద ముగ్గురం మూడు పనులు చేసుకునేవాళ్ళం. నేను లారీలకు చెక్క బాడీలు కట్టేవాణ్ణి. సూరన్నది కొలిమి. కమాన్లు, అంటే బండి బరువు మోసే ఇనప పట్టీల కట్టలు, సరిచేసేవాడు. మూడో మూల వెల్డింగు. నా దగ్గరికొచ్చిన బండికి కమాను పనుంటే సూరన్నకు అప్పగించేవాణ్ణి, అతనూ అంతే. పని ఎవరిదైనా, బండి కదిలేముందు మిగతా ఇద్దరూ చుట్టూ తిరిగి చూడాలన్నది మా కట్టుబాటు.

ఆ ఏడు గవరయ్య అనే డ్రైవరు నడిపే లారీకి కొత్త బాడీ కట్టాను. సూరన్న ఓనరు ముందే, "లారీ కట్టినావా బావా, ఇజీనగరం కోట కట్టినావా? బరువైపోనాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ మాట లోపల గుచ్చుకునే ఉంది.

బండి సిద్ధమైన రోజు వెల్డరు తన వంతు చూసేశాడు. సూరన్న ఇంకా చూడలేదు, భోజనానికి ఇంటికెళ్ళాడు. ఆ సంగతి తెలియని గవరయ్య లోడుకు తొందరపడుతూ, "మావా, ఎల్లిపోమంతావా?" అన్నాడు.

"ఎల్లు" అన్నాను.

కొత్త బరువు పడ్డాక యూ-బోల్టులు, అంటే కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచేవి, వదులవుతాయి. మళ్ళీ బిగించాలి. సూరన్న సుత్తితో తట్టి, ఆ మోత విని చెప్పేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే పంపాను.

ఘాటీ మలుపులో ఇరుసు జరిగి లారీ కొండను గుద్దింది. గవరయ్య బతికాడు. విరిగిన కాలు మాత్రం సరిగా అతకలేదు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు.

ఓనరు వచ్చి, "బండి ఒగ్గీసినోడెవుడు?" అని, వదిలి పంపిందెవరో అడిగాడు.

"షెడ్డు ఒగ్గీసినాది బాబూ. ముగ్గురిదీ తప్పే" అన్నాడు సూరన్న.

ఆ లారీని ముగ్గురం కూలి అడగకుండా బాగుచేశాం. అది వెళ్ళిపోయాక గాని నాకు నోరు రాలేదు.

"బావా, నువ్వు సూడనేదని తెలిసే పంపీసినాను. కోటన్నావని కోపం."

అతను కొలిమి తిత్తి ఆపాడు. "నాకెందుకు సెప్తావు? గవరయ్యకి సెప్పు."

వెళ్ళి చెప్పాను. గవరయ్య అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని అంతా విన్నాడు. తిట్టలేదు. "మీలో ఒకడు ఎల్లమంటే ముగ్గురూ ఎల్లమన్నట్టే అనుకున్నాను మావా" అన్నాడు.

ఒకే కప్పు కింద పనిచేసేవాడి నోట మిగతావాళ్ళ మాట కూడా ఉంటుందని, ఒక మనిషి కాలు పాడయ్యాక నేర్చుకున్నాను.