ఏతే బాసన

మంచం మీద పడుకుంటే కిటికీలోంచి నాకు కనిపించేది ఒక్కటే, పెరట్లో కుళాయి పక్కన అంట్ల కుప్ప. కాపురానికొచ్చిన రెండో ఏడు బరంపురంలో ఆ కుప్పని చూస్తూ గడిపిన మార్గశిర మాసాన్ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాను.

నాకప్పుడు ఐదో నెల. అంతకు ముందు ఒకటి నిలవలేదు. ఈసారీ చీర మీద మరక కనిపించేసరికి డాక్టరమ్మ మంచం దిగొద్దంది. వంగొద్దు, బరువెత్తొద్దు, గొంతుక్కూర్చోవద్దు. ఈ బిడ్డ దక్కాలంటే అదొక్కటే దారి అంది. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో అంట్లు తోమే ఒడియా మనిషి, కూతురి పురిటికని భంజనగర్ వెళ్ళిపోయింది. ఎప్పుడొస్తావంటే, బిడ్డ పుట్టాక అని చెప్పిందట. బిడ్డల కోసమే అందరూ నన్ను వదిలేస్తున్నారేమో అనుకున్నాను.

ఇంట్లో మిగిలింది మా ఆయనా, మా అత్తా. అత్తకి మోకాళ్ళు వంగవు. నిలబడి వంట చేసేది గానీ నేల మీద కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. మా కుళాయేమో మోకాలెత్తున ఉండేది. మా ఆయన బడిపంతులు. పాపం, మొదటి రోజే లుంగీ ఎగ్గట్టి దిగారు. ఇత్తడి గిన్నెని లోపల కూడా ఇటుక పొడితో తోమి తోమి తళతళలాడించారు. లోపలున్న కళాయి మొత్తం ఊడిపోయింది. ఆ గిన్నెలో కాచిన చారు చిలుము కొట్టింది.

"ఒరే, నువ్వు పిల్లలకి లెక్కలు సెప్పుకో. నా గిన్నెల జోలికి రాకు" అంది అత్త. అంతే, ఆయన బతికిపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. నేను బాగుండగా ఒక్క గ్లాసు తీసి అవతల పెట్టని మనిషికి, పాడు చేస్తే పని తప్పుతుందన్న సంగతి ఒక్క పూటలో తెలిసిపోయింది.

అన్నాలు విస్తరాకుల్లో తిన్నాం. కానీ వండిన గిన్నెల్ని ఎక్కడ దాచుకుంటాం? బొగ్గుల కుంపటి మసి, అడుగంటిన పప్పు, పాలగిన్నె. ఉన్న గిన్నెలన్నీ అటు వెళ్ళాక, మా పెళ్ళిలో వచ్చిన కొత్త గిన్నెల్ని అత్త అటక మీంచి దింపించింది. అవీ వెళ్ళి అక్కడే చేరాయి. కాకులు వాటిల్లో మెతుకులు ఏరుకుంటుంటే గరిటెలు దొర్లిన చప్పుడు నా గుండెల మీద పడేది. కాళ్ళూ చేతులూ అన్నీ ఉండి, నేను అలా చూస్తూ పడుకోవడం.

దానికి తోడు లక్ష్మివారం, అదే గురువారం, వస్తోంది. మార్గశిరంలో లక్ష్మివారం అంటే ఆ ఊళ్ళో తెలుగిల్లూ ఒడియా ఇల్లూ తేడా లేదు. ముందు రోజే ఇల్లు కడిగి, తెల్లారి బియ్యప్పిండి ముద్దతో వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా అమ్మవారి పాదాలు వేస్తారు. ఇంట్లో ఎంగిలి గిన్నె ఒక్కటున్నా ఆవిడ గడప దాకా వచ్చి వెనక్కి ఎల్లిపోద్దని అత్త నమ్మకం. నన్ను ఒక్క మాట అనలేదు. కిటికీ దగ్గర నిలబడి కుప్పని చూసేది, అంతే. అంటే బాగుండేది, నేనూ ఓ మాట అని ఏడ్చేదాన్ని.

బుధవారం మధ్యాహ్నం పక్కింటి ఒడియా ఆవిడ గోడ మీంచి తొంగి చూసింది. అత్త వీధిలో ఎక్కడో ఉంది. ఆవిడ కుప్పని చూసి, నన్ను చూసి, "ఏతే బాసన!" అంది. ఇంకా ఏదో అడిగింది. నేను రాజాం దగ్గర పల్లెటూరి నుంచి వచ్చినదాన్ని. ఒడియా నాకు అప్పటికి ఏతే, కేతే దాకానే వచ్చు. ఏతే అంటే ఇంత. బాసన అంటే ఏముంది, వాసనే. ఇంత కంపు అంటోంది నా ఇంటిని!

తల తీసేసినట్టయింది. ఆవిడ గోడ దిగగానే మంచం దిగాను. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, గొంతుక్కూర్చుని, పెద్ద పప్పుగిన్నె అందుకుని రెండు చేతులా తోమడం మొదలెట్టాను. రెండో గిన్నె సగంలో నడుంలో కలుక్కుమంది. తొడల మధ్య తడి. అది కుళాయి నీళ్ళేనని కాసేపు నాకు నేను చెప్పుకున్నాను.

అత్త వచ్చేసరికి నేనక్కడే కూర్చుని ఉన్నాను. లేవడానికి భయం. ఆవిడకి వంగి నన్ను లేపే బలం లేదు. గోడ అవతలికి కేకేస్తే ఆ పక్కింటావిడే పరిగెత్తుకొచ్చి నన్నెత్తుకుని మంచం మీద వేసింది. డాక్టరమ్మ వచ్చి సూది వేసింది. తెల్లారేదాకా చూద్దాం, కదలకుండా ఉంటే నిలవొచ్చు అంది. నిలవొచ్చు, అంతే.

"ఏటి పుట్టిందే నీకు?" అంది అత్త, వాళ్ళందరూ వెళ్ళాక. చెప్పాను, కంపన్నదని. అత్త నా వంక అలా చూసి నుదురు కొట్టుకుంది.

"ఓలమ్మ, బాసన అంటే గిన్నెలే. ఇన్ని గిన్నెలున్నాయి, నాను తోమీనా అని అడిగిందట నిన్ను. నాకూ ఇప్పుడే సెప్పింది."

ఒక్క మాటకి బిడ్డని పోగొట్టుకుంటానేమో అని భయపడి భయపడి, ఏ అర్ధరాత్రి దాటాకో కునుకు తీశాను.

తెల్లారి కళ్ళు విప్పేసరికి పెరట్లో కుప్ప కనబడలేదు. దాని మీద అత్త పాత చీర కప్పి ఉంది. ఇంట్లో నేల మీద తెల్లటి పాదాలు. వీధి గుమ్మంలోంచి వచ్చి, వంటింటి వైపు తిరగకుండా నేరుగా నా మంచం దగ్గరికి వచ్చాయి. వచ్చి, మంచం చుట్టూ తిరిగాయి. దగ్గర దగ్గరగా, వేలు పెట్టే సందు లేకుండా. పెరటి వైపు మాత్రం ఒక్క కుర్చీ పట్టేంత చోటుంది. ఆ చోట్లో అత్త కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పిండి ఆవిడ మోచేతుల దాకా ఉంది. ఆ మోకాళ్ళతో నేల మీదికి ఎలా దిగిందో, ఎవరు లేపారో నేను అడగలేదు.

"దిగు సూద్దాం" అంది. "అమ్మోరి పాదాలు తొక్కుకుంటూ ఎలా ఎల్తావో ఎల్లు."

ఎక్కడికి దిగను? మంచం మీదే పడుకుని ఏడ్చాను.

శుక్రవారం గోడ అవతల మా గిన్నెల చప్పుడు వినిపించింది. ఎంగిలి గిన్నె పరాయి ఇల్లాలి చేతికివ్వడం అత్తకి తెలియని పని, ఆ రోజు ఇచ్చింది. లక్ష్మివారం దాటాక పాదాలు వేయడమూ ఏ ఇంట్లోనూ లేదు. మా ఇంట్లో మాత్రం శుక్రవారం వేసింది, శనివారం వేసింది, చెరిగినప్పుడల్లా వేస్తూనే ఉంది, మా అమ్మాయి పుట్టేదాకా.