పంటు మీద తొక్కిన సైకిలు

మా డ్రిల్లు మేష్టారు మొన్న మంగళవారం పొద్దున్నే పోయారు. కబురు తెచ్చింది పాలాయన. "మేష్టారు లేరటండి, ఇవాళ అర లీటరు చాలాండి?" అన్నాడు ఒకే ఊపిరిలో. చావు కబురు అంతకంటే సూటిగా చెప్పినవాణ్ణి నేనెరగను. మేష్టారు వినుంటే మెచ్చుకునేవారు.

ఆయన మనిషి పొడుగు, మాట పొట్టి. ఎవరింటికి వెళ్ళినా పలకరింపు కంటే ముందు, అక్కడ గోడకి ఆనించిన సైకిలు టైరు బొటనవేలితో నొక్కి చూసేవారు. "గాలి తగ్గితే బండికీ మనిషికీ చిరాకు పెరుగుద్ది" అనేవారు. నా టైరెప్పుడూ మెత్తగానే ఉండేది. నా సంగతి ఆయనకి అలాగే అర్థమై ఉంటుంది.

ఆయన రిటైరైన కొన్నాళ్ళకి భార్యకి నరాల జబ్బొచ్చింది. ముందు కాళ్ళు పడిపోయాయి, తరవాత చేతులు. ఆవిడ కూడా ఇప్పుడు లేరు. అప్పట్లో రాజమండ్రి డాక్టరుగారు ఆ జబ్బుకి మందింకా కనిపెట్టలేదనీ, పరిశోధన జరుగుతోందనీ చెప్పారు. మేష్టారు వారం రోజులు ఆలోచించి, ఆ పరిశోధనకి చందాలు పోగుచెయ్యడానికి పాత సైకిలు మీద పాలకొల్లు నుంచి అన్నవరం వెళ్ళి, కాకినాడ, కోనసీమ చుట్టి వస్తానన్నారు.

"ఆ మందు నాకు అందదుగా" అన్నారట ఆవిడ.

"ఇంకొకరికి అందుద్ది" అన్నారట ఈయన.

పెద్ద చందా రాసింది రైసుమిల్లు ఆసామి. దానికో షరతు పెట్టాడు. "దారంతా మీ కాళ్ళతో తొక్కాలండి మేష్టారూ. మధ్యలో ఏ బండన్నా ఎక్కారో, నా చందా లేదు." మేష్టారు సరేనన్నారు. పంపు, పంచరు సామాను పట్టుకుని వెనకాల మోపెడ్ మీద నేను బయల్దేరాను. ఊళ్ళో అంత ఖాళీగా ఉన్నవాడు ఇంకొకడు దొరకలేదు.

దారి పొడుగునా జనం ఇదేదో మొక్కుబడి అనుకున్నారు. అన్నవరం కొండ కింద టీకొట్టావిడ సైకిలుకి పసుపు రాయబోయింది.

"మొక్కు కాదమ్మా, జబ్బుకి మందు కనిపెట్టడానికి" అన్నారు మేష్టారు.

"ఇంకా కనిపెట్టలేదాండి? అయితే మొక్కుకోవడమే మంచిదండి!"

ఆయన నవ్వి పసుపు రాయించుకున్నారు. ఆ టీలో అల్లం బాగా పడింది. అల్లం గురించి నేను చెప్పగలిగింది చాలా ఉంది గాని, ఈ నాలుగు ముక్కలూ మేష్టారి గురించి.

ఆఖరి రోజు ఏటి అవతల నరసాపురంలో ఆయన పాత శిష్యులు దండలతో ఎదురుచూస్తున్నారని, చించినాడ వంతెన వదిలేసి సఖినేటిపల్లి రేవు దారి పట్టించింది నేనే. మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు రేవులో సిద్ధంగా ఉంది. మేష్టారు ఒడ్డున ఆగిపోయారు.

"ఇదీ బండే కదరా?"

గోదారి ఒడ్డున పుట్టినవాళ్ళం. పంటంటే మాకు రోడ్డులో ఒక ముక్క. దారి మార్చిన నాకూ తట్టలేదు, షరతు పెట్టిన ఆసామికీ తట్టలేదు.

"ఎవరికి తెలుస్తుందండి, ఎక్కెయ్యండి" అన్నాను.

"మా ఆవిడ అడుగుద్ది, అంతా తొక్కారా అని. ఏం చెప్పను?"

వెనక్కి వెళ్ళి వంతెన ఎక్కుదామంటే ఆయన మోకాలు బూరెలా వాచింది. ఆసామికి ఫోను చేశాను. "అరెరే, గోదారి సంగతే మర్చిపోయానండి. సరే, అది మినహాయించేద్దాం" అన్నాడు.

"ఆ జబ్బు ఎవర్నీ మినహాయించట్లేదండి" అని ఫోన్లోనే చెప్పి, మేష్టారు సైకిలు నడిపించుకుంటూ పంటెక్కారు. నట్టనడుమ స్టాండు వేసి, సీటెక్కి తొక్కడం మొదలెట్టారు.

"ఏంటండి బాబాయిగారూ, మీరు తొక్కితేగాని పంటు కదలదా?" అంది చేపల తట్టలావిడ.

"ఇంజనుకి సాయం పడుతున్నానమ్మా."

అవతలి రేవు తగిలేదాకా ఆపలేదు. ఆసామి చందా ఇచ్చాడు. "తొక్కమన్నాను గాని, ముందుకే వెళ్ళాలనలేదుగా" అన్నాడు. మిల్లు నడిపేవాళ్ళకి కూడా ఒక్కోసారి హాస్యం వస్తుంది.

ఇంటికి చేరగానే ఆవిడ అడిగింది అదే. అప్పటికే మాట ముద్దగా వస్తోంది. "అంతా తొక్కారా?" మేష్టారు పంటు సంగతి చెప్పారు. ఎలా తొక్కారో చూపించమన్నారావిడ. ఆయన ఆవిడ కుర్చీ పక్కనే సైకిలుకి స్టాండు వేసి, చెమట బట్టలతోనే ఎక్కారు. వెనక చక్రం గాలికి ఆవిడ చీర కుచ్చెళ్ళు కాస్త కదిలాయి. ఆవిడ చక్రాన్ని చూడ్డం మానేసి, పాదాల దగ్గర కదులుతున్న ఆ కుచ్చెళ్ళనే చూస్తూ కూర్చున్నారు. మేష్టారు వాచిన మోకాలితో తొక్కుతూనే ఉన్నారు.