చిన్నాన్న నోటి లారీ

చిన్నాన్న పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను హాస్టల్లో క్యారమ్స్ ఆడుతున్నాను. "మీ సిన్నాన్న నిద్దట్లోనే పోయేడురా. బయల్దేరి వచ్చీ" అని నాన్న పెట్టేశాడు. విశాఖపట్నం నుంచి చోడవరం వచ్చే బస్సులో డ్రైవరు గేరు మార్చిన ప్రతిసారీ నాకు తల వంచుకోవాలనిపించింది. ఎందుకో తెలియాలంటే మీకు మా ఇంటికి కంప్యూటర్ వచ్చిన సంగతి చెప్పాలి.

మాది ఉమ్మడి కుటుంబం. చిన్నాన్న చెరకు లారీ తోలేవాడు. ఓసారి లారీ దిగుతూ జారిపడి మోకాలు పాడుచేసుకున్నాడు. ఆ కాలు మళ్ళీ క్లచ్ తొక్కడానికి పనికిరాలేదు. ఇక రోజంతా అరుగు మీద కూర్చుని రోడ్డున పోయే లారీల్ని వినేవాడు. చూడ్డం కాదు, వినడమే. "ఇంజను అన్నీ సెప్తాదిరా, మనం ఇనాల" అనేవాడు.

నేను పదో తరగతి పాసైతే కంప్యూటర్ కొంటానన్న మాట నాన్న నిలబెట్టుకున్నాడు. చదువు కోసమని నాన్నకు చెప్పాను. కార్ల రేసు కోసమని చిన్నాన్నకు చెప్పాను. అందుకే విశాఖపట్నానికి ఆయన్నే తోడు తీసుకెళ్ళాను. షాపులో ఒక్కో భాగం ఎంచుకుంటూ పోతే డబ్బు చాలదని తేలింది. మానిటర్ పాతది తీసుకున్నాం, క్యాబినెట్ అన్నిటికన్నా చవకది. అయినా సరిపోలేదు. ర్యామ్ సగానికి తగ్గించుకోవాలి, లేదంటే సౌండ్ కార్డు, స్పీకర్లు వదులుకోవాలి. "ర్యామ్ తగ్గిస్తే గేమ్ ఆగి ఆగి నడుస్తుంది" అన్నాడు షాపాయన. సౌండ్ లేని రేసు ఏం రేసు? నాకు ఏడుపొక్కటే తక్కువ.

"బండి ఆగకూడదు బాబూ. ఆ మెమరీయే ఎక్కువెయ్యండి" అన్నాడు చిన్నాన్న. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "సౌండుకేటిరా, నాను సేస్తాను" అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. ఇంటికొచ్చి గేమ్ పెట్టగానే స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుని గొంతులోనే ఇంజను స్టార్ట్ చేశాడు. నేను మీట నొక్కితే ఆయన గేరు మార్చేవాడు. ఎత్తు ఎక్కుతుంటే గొంతు బరువెక్కేది, ఎదురుబండి వస్తే హారను మోగేది. మలుపు ఇంకా రాకముందే, "సెకండుకి దిగరా గుంటడా, బోల్తా కొట్టేస్తావు" అని తిట్టేవాడు. తెర మీద ఉన్నది ఎర్ర కారు. ఆయన నోట్లో నడిచేది మాత్రం చెరకు లోడుతో ఉన్న లారీ. ఆ చెడిన కాలు నేలను తొక్కుతూనే ఉండేది. "ఇద్దరికీ ఇద్దరే" అని పిన్ని వంటింట్లోంచి విసుక్కునేది.

తర్వాతి ఏడాది చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి సౌండ్ కార్డు, స్పీకర్లు కొన్నాను. చిన్నాన్న కూడా సంబరంగానే వచ్చి కూర్చున్నాడు. కాసేపు విని, "ఇది సెకండు గేరు కాదురా" అంటూ తన గొంతుతో సరిదిద్దబోయాడు.

"ఉండు చిన్నాన్నా, వినబడటం లేదు" అని నేను వాల్యూమ్ పెంచాను.

అంతే జరిగింది. ఆయన ఇంకొంచెం సేపు కూర్చుని, "బాగుందిరా" అని స్టూలు గోడవారకు జరిపి అరుగు మీదికి వెళ్ళిపోయాడు. తర్వాత పిలవాలని నాకు తోచలేదు. తోచలేదనడం కూడా అబద్ధమే, ఆయనతో ఇక పనిలేదనుకున్నాను. లారీ పోగొట్టుకున్న మనిషికి మళ్ళీ ఒక బండి దొరికితే అదీ నేనే లాగేసుకున్నాను. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

పెద్దకార్యం అయిపోయి చుట్టాలు వెళ్ళాక ఆ గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ఆన్ చేశాను. గేమ్ వచ్చింది, సౌండ్ రాలేదు. వెనక చూస్తే స్పీకర్ల వైరు ఊడదీసి, చుట్టచుట్టి, మేకుకు తగిలించి ఉంది.

"మీ సిన్నాన్నే తీసేరు" అంది పిన్ని గుమ్మంలో నిలబడి. "నువ్వు హాస్టలుకి ఎళ్ళిపోయేక రోజూ కూకుని ఆడీవోరు, తన నోటితోటే. నువ్వొస్తన్నావంటే మళ్ళీ ఎప్పట్లాగే తగిలించీసీవోరు." మేకుకున్న వైరు వంక చూసి, "ఈపాలి నువ్వొస్తావని ఆయనకి తెల్దు గదా" అంది.

వైరు ముట్టుకోలేదు. గోడవారనున్న స్టూలు తెచ్చి పక్కన వేసుకున్నాను. చప్పుడు లేకుండా కారు కదిలింది. మలుపు దగ్గరపడుతుంటే సెకండు గేరు కోసం నోరు తెరిచాను. ఆ చప్పుడు నాకు రాలేదు. కారు రోడ్డు దిగి పొలాల్లోకి వెళ్ళిపోయింది.