వైన్స్ ముందు అడిగిన దారి

2007 ఫిబ్రవరి 18, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలు. ఆ వేళకు నేను హన్మకొండలోని మా ఇంటికి తాళం వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే గదిని వెతుక్కుంటూ కాజీపేటకు బయలుదేరాను. ఇన్నేళ్లకు అది మళ్లీ తలపుకు రావడానికి కారణం మా మేనల్లుడు. మొన్న వాడు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, తనకూ ఆ అవసరం పడిందని తలవంచుకుని చెప్పి, సెల్‌ఫోనులో పటం తెరిచి గది ఎక్కడుందో చూపించాడు. ఎవరినీ అడగనక్కరలేదు మామా, ఎవరికీ తెలియదు అన్నాడు. సంతోషించాను. సంతోషిస్తూనే ఎందుకో మనసు కాస్త చివుక్కుమంది.

మా వంశంలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటివాడిని నేను. మా నాన్న సంతకం నేర్చుకున్నదే నా పరీక్ష ఫారం మీద పెట్టడానికి. అటువంటి పట్టా ఉన్నవాడు తాగితే దానిని ఎవరూ తాగుడు అనరు, పార్టీ అంటారు, సిట్టింగ్ అంటారు, పని ఒత్తిడి అంటారు. కల్లు తాగిన మా చిన్నాన్నను తాగుబోతు అన్న నోళ్లే గ్లాసు పట్టిన నన్ను సార్ అన్నాయి. ఆ మాట చాటున నేను పదకొండేళ్లు తాగాను.

ఆ ఫిబ్రవరిలో నా భార్య బిడ్డను తీసుకుని తొర్రూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. పోతూ గుమ్మంలో ఆగి, “ఆదివారం డాక్టరమ్మ చెప్పిన మీటింగ్‌కు పొయ్యొస్తే ఫోన్ చెయ్యి. పోకుంటే చెయ్యకు,” అన్నది. ఏడవలేదు, తిట్టలేదు. సంగతి తెలిసి, మా వీధి చివరనే ఉండే మా పెద్దన్న శనివారం నాడు వచ్చాడు. “మన ఇంట్ల పట్టా తెచ్చినోడివి, పోయి తాగుబోతుల నడుమ కూసుంటవారా? ఇజ్జత్ పోతది. ఇంట్లనే మెల్లగ మానరాదు?” అన్నాడు. ఇంట్లోనే మెల్లగా మానడం నేను అప్పటికి ఎన్నిసార్లు చేశానో ఆయనకు తెలియదు. తెల్లవారి తాళం వేసి బయలుదేరడమే నా జవాబు.

దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన ఆనవాలు ఒక్కటే: రైలు గేటు దాటాక బడి, పది గంటలకు. తీరా గేటు దాటితే, ఆదివారం కావడాన కనబడిన ప్రతి బడికీ తాళమే. ఒక ఛాయ్ బండి దగ్గర ఆగి, చదువుకున్నవాడి మర్యాద ఎక్కడ తగ్గుతుందోనని, నాకు చేతనైనంత శ్రేష్ఠమైన తెలుగులో, “మద్యపాన విముక్తి సమావేశం ఎక్కడ జరుగుతుందండీ?” అని అడిగాను. ఛాయ్ పోసేవాడికి అందులో మద్యం ఒక్కటే అర్థమైనట్లుంది. “గీ సందు చివర్ల సారూ, పదింటికి తీస్తరు,” అని చెయ్యి చూపించాడు. వేళ కూడా సరిపోయింది కదా అని నేను పరుగులాంటి నడకతో వెళ్లాను. సందు చివర ఉన్నది వైన్స్.

షట్టర్ అప్పుడే లేస్తోంది. అయిదారుగురు కాచుకుని ఉన్నారు. కొట్టులోని మనిషి నా ఇస్త్రీ చొక్కా చూసి, “జరుగుండ్రి, సార్‌ను రానియ్యుండ్రి. ఇయ్యాల బోణీ సార్ చేతులకెల్లే,” అన్నాడు. ఆ క్షణం గురించి అబద్ధం రాయను. నా చెయ్యి జేబులోకి పోయింది, నోట్లో నీళ్లూరాయి. కాని అక్కడ కూడా సార్ అన్న ఆ మాటకే దారి వదులుతుంటే ఒళ్లు మండింది. పదకొండేళ్లు నాకు పోసిపెట్టింది ఈ మర్యాదే. చెయ్యి బయటికి తీసి, సందంతా వినబడేటట్లు, మా పల్లె గొంతుతో అడిగాను.

“నేను తాగుబోతును. తాగుడు బంద్ చేసేటోళ్లు యాడ కూసుంటరు?”

“మంచి కాడికే అచ్చినవ్ పో!” అన్నాడొకడు. అందరూ నవ్వారు. నవ్వనీ అని రెండోసారి ఇంకా గట్టిగా అడిగాను. ఎదురుగా సైకిళ్లకు పంక్చర్లు వేసే ముసలి చాచా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు. “గిట్ల తెలుగుల అడగాలె బిడ్డా. ఛాయ్ తెచ్చిన పోరడు చెప్పిండు, బండి కాడ ఏందో పంతులు లెక్క అడిగినవట. నడువు, మా తమ్ముడు గాడికే పోతడు,” అని దుకాణం వదిలేసి నా వెంట నడిచి, తాళం లేని వెనుక గేటు గుండా బడిలోకి తీసుకుపోయాడు.

అది రెండో తరగతి గది. గోడ మీద ఎక్కాలు, పిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని పదిమంది మగవాళ్లు. ఏం చదివావని నన్ను ఎవరూ అడగలేదు. నా వంతు వచ్చినప్పుడు, సందులో అరిచిన మాటనే గదిలోనూ చెప్పాను. బయటికి రాగానే ఫోను బూత్‌కు వెళ్లి తొర్రూరుకు ఫోన్ చేశాను. మా పెద్దన్న మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె, ప్రతి ఆదివారం ఆయన వాకిలి ముందు నుంచే, తల ఎత్తుకునే వెళ్లాను.

ఇప్పుడు ఆ సందులో ఛాయ్ బండి లేదు, చాచా లేడు, వైన్స్ మాత్రం రెండయ్యాయి. గుట్టు కావలసినవారికి గుట్టు దొరకడం మంచిదే, కాదనను. కాని దారి అడగడం పోయాక, పని వదిలి మన వెంట నడిచే మనిషీ పోయాడని నా తరంవారికైనా తెలుస్తుంది. అందుకే మేనల్లుడికి ఫోను దారి చూపినా, పక్కన నేను నడిచాను.

అప్పుడు నా భార్య ఆ మొదటి మీటింగ్ తరువాతి గురువారం బస్సుకు తిరిగి వచ్చింది. ఆ మొదటి ఆదివారం నుంచి నేను మందు ముట్టలేదు.