వచ్చిన ప్యాకెట్లు సున్నా

2023 ఎండాకాలం. పటాన్‌చెరు దాటాక లోపలికి ఉన్న ఒక మందుల ఫ్యాక్టరీలో ఇంటర్నెట్ మీద నడిచే డెస్క్ ఫోన్లు చూసుకునే కాంట్రాక్టు నాది. ఫోన్ మోగకపోతే నన్ను తిడతారు. మోగినన్నాళ్లూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

ఒకరోజు హెచ్‌ఆర్ ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. బాగుచేయడానికి కాదు, సాక్ష్యానికి. గేటు దగ్గర సెక్యూరిటీ మల్లయ్యను తీసేస్తున్నారట. లాగ్ చూసి సంతకం పెట్టాలట.

ప్లాంటులో మంటలు అంటుకునే భయం ఉంది కాబట్టి కార్మికులు మొబైళ్లు గేటులో ఇచ్చేసి లోపలికి వెళ్తారు. ఇంటి నుంచి ఏ కబురైనా గేటు ఫోన్‌కే రావాలి. అంతకు కొద్దిరోజుల ముందు, లక్డారం నుంచి పనికొచ్చే నర్సింలు తండ్రికి గుండెనొప్పి వచ్చింది. నర్సింలు భార్య సునీత గేటుకు రెండుసార్లు ఫోన్ చేసింది. కబురు లోపలికి పోలేదు. షిఫ్టు దిగి నర్సింలు సంగారెడ్డి ఆస్పత్రికి చేరేసరికి తండ్రి పోయాడు. కడచూపు దక్కలేదు.

మల్లయ్యదీ లక్డారమే, పోయినాయనకు తమ్ముడి వరస. తన గొంతు విని కూడా ఫోన్ పెట్టేశాడని సునీత ఊరంతా చెప్పింది.

"బ్లాంక్ కాల్ సార్. హలో హలో అని ఒర్రిన. ఎవ్వలు మాట్లాడలే. గిట్ల వస్తున్నయని ముందుగాలనే ఆఫీసుల చెప్పిన గూడ," అన్నాడు మల్లయ్య.

"లాగ్‌లో ఓకే అని ఉందిగా. ఎత్తాడు, కాసేపు మాట్లాడాడు. ఇంకేం బ్లాంకు?" అన్నాడు మేనేజర్.

ఓకే అని ఉన్నమాట నిజమే. ఫోన్ తను చేసే ప్రతి పనినీ వరుసగా రాసిపెట్టుకుంటుంది, అదే లాగ్. రిసీవర్ ఎత్తగానే అందులో 'ఓకే' పడుతుంది. లైన్ కలిసిందని దానర్థం, మాట వినబడిందని కాదు. మాటను ఫోన్ ముక్కలుముక్కలుగా చేసి పంపుతుంది. వాటిని ప్యాకెట్లంటాం. వాటి లెక్క లాగ్‌లో బాగా కిందికి వెళ్తే గానీ కనబడదు, అంత ఓపిక మేనేజర్లకు ఉండదు.

నేను కిందికి వెళ్లాను. గేటు నుంచి బయటికి పోయిన ప్యాకెట్లు బోలెడు. వచ్చినవి సున్నా. రెండో కాల్‌లోనూ సున్నాయే.

ఆ మధ్యే కొత్త ఫైర్‌వాల్ పెట్టారు. నెట్‌కు కాపలా కాసే పెట్టె అది. బయటి నుంచి వచ్చే మాటను అదే ఆపేసింది. దీన్ని వన్-వే ఆడియో అంటారు. మల్లయ్య గొంతు సునీతకు వినబడింది, ఆమె గొంతు ఇతనికి వినబడలేదు. ఆఫీసువాళ్ల చేతుల్లో మొబైళ్లుంటాయి కాబట్టి ఎవరూ గమనించలేదు. నాకు ఒళ్లు మండింది. ముందే చెప్పిన మనిషిని పట్టించుకోకుండా ఇప్పుడు దొంగను చేస్తున్నారు.

ఆ సున్నాలు మేనేజర్‌కు చూపించాను. మల్లయ్య ఉద్యోగం నిలిచింది. అతని ముఖం మాత్రం తేరుకోలేదు.

"నౌకరీ సంగతి గాదు సార్. ఊర్లె నాతోని ఎవ్వలు మాట్లాడుతలేరు. జెర మీరే అచ్చి గా పిల్లకు చెప్పున్రి."

ల్యాప్‌టాప్ పట్టుకుని అతనితో లక్డారం వెళ్లాను. నర్సింలు తల వంచుకుని మంచం మీద కూర్చున్నాడు. మల్లయ్య గడప బయటే ఆగిపోయాడు. సునీతకు ఆ సున్నా చూపించి, విషయం చెప్పాను. ఆమె దానివంకే చూస్తూ అంది.

"నేను గంతగనం ఒర్రి చెప్పిన. 'ఎవల్రా, పనిపాట లేదా' అని చిన్నమామ పెట్టేసిండు. మరి నా మాటలు ఏడవోయినయ్ సార్?"

ఆగిపోయిన మాట లాగ్‌లో మిగలదు.

గడప అవతలి నుంచి మల్లయ్య అన్నాడు, "గప్పుడు ఇనలే బిడ్డా. ఏం చెప్పినవో ఇప్పుడు చెప్పు, ఇంటా."

సునీత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. "చిన్నమామా, నేను సునీతను. మామకు పానం మంచిగ లేదు. నిన్ను గూడ అడుగుతుండు. మా ఆయనను తీసుకొని జల్దీ రా."

మల్లయ్య గడప మీద కూలబడి ఏడ్చాడు. నర్సింలు లేచివెళ్లి అతని పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు నేను ఏ ఫోన్ పెట్టినా, బయటి నుంచి ఒకరి చేత మాట్లాడించి, ఎత్తినవాళ్లను ఏం విన్నారని అడుగుతాను. 'వినబడుతోంది' అంటే ఒప్పుకోను. అవతలివాళ్లు అన్న మాట నాకు తిరిగి చెప్పాలి. అప్పుడే ఓకే అని రాస్తాను.