అరుగు మీది రెండు పెట్టెలు

వాన చప్పుడు వినబడుతోంది, మనుషుల మాట మాత్రం వినబడటం లేదు. రెబెకాకు మొదట తట్టిన తేడా అది.

తిమ్మాజిపేట దగ్గరి పల్లెలో, రాఘవేందర్ అనే రైతు ఇంటి అరుగు మీద ఆ సాయంత్రం ఆమె తన కూలీ గుంపుతో కూర్చుని ఉంది. గుంపంతా ఆడవాళ్లే. యాసంగి పల్లికాయ తెంపడం ఆ పొద్దుటే ముగిసింది. పంట ఇల్లు చేరిన రోజు కూలీలకు కడుపునిండా పెట్టడం ఆ ఇంట తండ్రి కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ. ఈ ఏడు భోజనంతో పాటు సినిమా కూడా చూపిస్తానన్నాడు రాఘవేందర్. హాల్లో గోడంత టీవీ, దానికి తగిన హోమ్ థియేటర్ కొత్తగా పెట్టించాడు. ఇంటివాళ్లు లోపల సోఫాల మీద, కూలీలు బయట అరుగు మీద. మధ్యలో రెక్కలు తెరిచిన పెద్ద కిటికీ.

రాఘవేందర్ పిసినారి కాడు, కఠినుడూ కాడు. జరిగింది సరిగా అర్థం కావాలంటే ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. అయిదు స్పీకర్లలో రెండింటిని అరుగు మీద పెట్టించింది అతనే, బయటివాళ్లకూ శబ్దం అందాలని. వాటిని బిగించడానికి నాగర్‌కర్నూల్‌లోని తన దుకాణం నుంచి వచ్చిన డేవిడ్, రెబెకా చెల్లెలి కొడుకు. "సార్, గవి సోఫా ఎనక ఉండాల్సినయి" అని ఒకమారు నసిగాడు. "అయిదున్నయి కదా, మాకు మూడు సాలు. రెండు ఆళ్లకు పెట్టు" అన్నాడు రాఘవేందర్. గిరాకీతో వాదన ఎందుకని డేవిడ్ ఊరుకున్నాడు.

ఆ పొరపాటు చిన్నది కాదు. పాత స్టీరియోలో శబ్దం రెండు పాయలుగా వస్తుంది, ఎడమకొకటి, కుడికొకటి. అయిదు స్పీకర్ల పద్ధతిలో ఒకే శబ్దాన్ని అయిదింటికీ పంచరు, అయిదు వేర్వేరు శబ్దాలను పంపుతారు. పాత్రల మాటలు దాదాపు అన్నీ టీవీ కింద ఉండే నడిమి స్పీకరులో వస్తాయి. పాట, సంగీతం దాని రెండు పక్కల నుంచి. వెనుక రెండింటికి మిగిలేది వాన, గాలి, జనం రొద, వెళ్లిపోయే బండి. ఉరుము లాంటి లోతైన మోతల కోసం ఆరో పెట్టె మూలన వేరుగా ఉంటుంది. ఏడు స్పీకర్లవీ, కప్పు మీద నుంచి కూడా వినిపించేవీ వచ్చాయి గాని, సూత్రం అన్నింటికీ ఒకటే. వినే మనిషి వాటి నడుమ ఉండాలి. ఒక పెట్టెను తీసి వేరే చోట పెడితే దాని వాటా శబ్దమే అక్కడికి పోతుంది, మొత్తం శబ్దం పోదు.

ఇదంతా రెబెకాకు తెలియదు. ఆమెకు తెలిసింది వేరు. పెళ్లైన ఏడాదే భర్త ఏసురత్నంతో వలస పోయి పుణెలో, హైదరాబాదులో ఇసుక, సిమెంటు మోసింది. హైదరాబాదులో ఒక పెద్ద సినిమా హాలు కడుతున్నప్పుడు పక్క గోడలకూ వెనుక గోడకూ వరుసగా గూళ్లు వదలడం చూసి మేస్త్రిని అడిగింది, ఇవెందుకని. "గాడికెల్లి సౌండ్ వస్తదమ్మా. రైలు నీ ఎనకకెల్లే వచ్చి ముందటికి వోతది" అన్నాడు. పని ముగిసింది, కూలీలను పంపేశారు. తరువాతే తెర కట్టారు. ఏసురత్నం మోకాళ్లు అరిగాక ఇద్దరూ ఊరు చేరారు. అప్పటి నుంచి ఈ గుంపును ఆమే నడుపుతోంది. ఏ చేనుకు ఎప్పుడు, ఏ కూలికి అన్నది ఆమె మాటే. మాట తేడా వస్తే చేను మధ్యలోనే గంప దించేసిన మనిషి. అందువల్ల పోగొట్టుకున్న పనులూ ఉన్నాయి. అవి ఆమె ఎన్నడూ దాచలేదు.

తెర మీద ఒక పిల్ల తన తల్లి కాళ్లు పట్టుకుని ఏదో అంటోంది.

"పెంటమ్మా, గా పిల్ల ఏమన్నది?"

"నాకేం తెల్సు వదినా! బొమ్మ కనవడ్తుంది కద, సాలదా?" పక్కనున్న పెంటమ్మ తల తిప్పకుండానే అంది. "వాన సూడు, నా నెత్తి మీద గొట్టినట్టే ఉంది."

"వాన నేను జూడందా? పిల్ల ఎందుకు ఏడుస్తుందో గది గావాలె నాకు."

"ఊకో జర. తిన్న బువ్వ అరగనియ్యి."

రెబెకా లేచి, స్టూలు మీదున్న నల్ల పెట్టెకు చెవి ఆనించింది. వాన. తరువాత సంత గోల. మనిషి గొంతు లేదు. రెండో పెట్టె దగ్గరికి నడిచింది. అక్కడా అంతే.

"డేవిడ్! గీ పెట్టెలల్ల మాటలు లేవేందిరా?"

సినిమా నడపడానికి వచ్చిన డేవిడ్ కిటికీలోంచి చేయి ఊపాడు. "తర్వాత చెప్త పెద్దమ్మా, కూసో."

"ఇప్పుడే చెప్పు."

రాఘవేందర్ సినిమా ఆపించాడు. "ఏంది రెబెకమ్మా, ఏం పరేషాన్?"

"మాకిచ్చిన పెట్టెలకు నోరు లేదు పటేలా."

"అయిదుట్ల రెండు మీకే ఇస్తి. ఇంకేంది, టీవీ గూడ అరుగు మీదికి గుంజాల్నా?"

ఆడవాళ్లు నవ్వారు. రెబెకా నవ్వలేదు. "జర నువ్వొచ్చి గీడ కూసో. గా పిల్ల ఏమంటుందో ఇని నాకు చెప్పు."

అతను వచ్చాడు. ఆ మేరకు అతన్ని మెచ్చుకోవాలి. పెంటమ్మ జరిగి చోటిచ్చింది, అతను కూర్చున్నాడు, సినిమా మొదలైంది. కాసేపటికి అతని ముఖం మారింది.

"ఏందిరా డేవిడ్, ఖరాబైనయా?"

"ఖరాబ్ కాలే సార్. గవి ఎనక పెట్టెలు, మాటలు రావు గవిట్ల. ఆ రోజే చెప్పిన."

"గట్టిగ చెప్పాలె కదరా!"

డేవిడ్ తల గోక్కున్నాడు. "ఒక బటన్ ఉంది సార్. ఒత్తితే అన్ని పెట్టెలు ఒక్క తీరే మాట్లాడ్తయి."

ఒత్తాడు. అరుగు మీదికి మాటలు వచ్చాయి. పిల్ల బడికి పోతానంటోంది, తల్లి వద్దంటోంది. "అగో, ఇప్పుడు మంచిగయింది" అంది పెంటమ్మ. రాఘవేందర్ తేలికపడి లోపలికి కదిలాడు. తగాదా అక్కడితో తీరిందనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. అడిగిన మాటలు వినబడుతున్నాయి, ఎవరి చోటూ మారలేదు.

రెబెకా మాత్రం నిలబడే ఉంది. "డేవిడ్, ఇప్పుడు రైలొస్తే ఎనకకెల్లి వస్తదా?"

"రాదు పెద్దమ్మా. గిది స్టీరియో లెక్కనే. ముందటెనక ఉండదు."

"లోపలోళ్లకు గూడ రాదు?"

"ఎవ్వరికి రాదు."

"అంటే అందరికి ఆటను చెడగొట్టి, మమ్ముల మాత్రం అరుగు మీదనే ఉంచుతున్నవన్నట్టు. గా బటన్ తియ్యి. పెట్టెలు యాడుండాల్నో ఆడ పెట్టు. మేం గూడ ఆడనే కూసుంటం."

సోఫాలోంచి రాఘవేందర్ తల్లి కాంతమ్మ మెడ చాచింది. "ఇన్నేండ్లు లేంది ఇయ్యాల ఏమొచ్చిందే నీకు? అరుగు మీద కూసుంటే అరిగిపోతవా?"

"అరుగు మంచిగనే ఉందమ్మా. రా, కూసో. జాగ ఇస్త."

పెంటమ్మ ఆమె కొంగు లాగింది. "వదినా, పని వోతది. వానకాలం పత్తికి మనల ఎవలు పిలుస్తరు?" ఆ భయం ఉత్తది కాదు. ఊళ్లో ఎక్కువ చేను ఉన్నది రాఘవేందర్‌కే. గుంపులో సగం ఇళ్లు ఆ పని మీదే నడుస్తున్నాయి.

రాఘవేందర్ గొంతు పెంచాడు. "నా ఇల్లు గిది. ఎవల్ని యాడ కూసోవెట్టాల్నో నా ఇష్టం."

ఇల్లు అతనిదే, అందులో అబద్ధం లేదు. రెబెకా కూడా కాదనలేదు. అడిగింది ఒక్కటే.

"పొద్దుగాల పల్లికాయ గంపలు యాడికెల్లి మోసినం పటేలా? గీ హాల్లకెల్లే కద, ఎనక రూముల పోసింది? నెత్తి మీద గంపుంటే గడప దాటొచ్చు, ఉత్త నెత్తితోని రావొద్దా?"

కాంతమ్మ కొడుకు వైపు చూసింది, కొడుకు టీవీ వైపు చూశాడు.

"సరే, గంపనే గావాలంటే గిదే గంప అనుకో." రెబెకా స్టూలు మీది పెట్టెను రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుంది. కిటికీలోంచి వచ్చిన తీగ బిగుసుకుంది. "వైరు వదులు డేవిడ్."

డేవిడ్ ఒకసారి గిరాకీ ముఖం, ఒకసారి పెద్దమ్మ ముఖం చూశాడు. అతని దుకాణం నడిచేది ఇలాంటి ఇళ్ల మీదే. కొంతసేపు తీగ అలాగే బిగిసి ఉంది. తరువాత వంగి దాన్ని ఊడదీశాడు, బటన్ మార్చాడు, రెండో పెట్టెను తానే మోసుకొచ్చాడు.

రెబెకా చెప్పులు అరుగు కింద విడిచి గడప దాటింది. డేవిడ్ చూపిన చోట, సోఫా వెనుక గోడ వారగా, పెట్టెను దించింది. పెట్టెకూ సోఫాకూ నడుమ బండల మీద కూర్చుంది. గుంపులో నలుగురు ఆమె వెనుకే వచ్చారు. మిగిలినవాళ్లు కదలలేదు. పెంటమ్మ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి గుమ్మాన్ని పట్టుకుని ఉండిపోయింది. కాంతమ్మ లేచి తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. చప్పుడయ్యేలాగే వేసుకుంది.

సినిమా మళ్లీ నడిచింది. వాన చుట్టుముట్టింది. ఎక్కడో వెనుక గోడ అవతల మొదలైన రైలు రెబెకా కుడి చెవి పక్క నుంచి దూసుకుపోయి తెరలో కనబడింది. ఆమె ఉలిక్కిపడలేదు గాని, చేయి తెలియకుండానే బండకు గట్టిగా ఆనింది.

రాఘవేందర్ సోఫాలోంచి వెనక్కి తిరగకుండానే అన్నాడు. "వానకాలానికి వేరే గుంపును సూసుకుంట."

"సూసుకో పటేలా" అంది రెబెకా. "ఆళ్లొచ్చినప్పుడు గూడ పెట్టెలు లోపలనే ఉండనియ్యి. జర సౌండ్ పెంచు డేవిడ్, గా పిల్ల ఏదో చెప్తుంది."

డేవిడ్ పెంచాడు.